బొటనవేలి నొక్కు

"ముట్టుకోకండి సార్. పక్క బొమ్మలకి కూడా అంటుకుంటుంది."

బొమ్మలు బాగుచేసే ఆవిడ చేతికి తొడుగు వేసుకుని, అద్దాల బీరువాలోంచి నీలం గౌను బొమ్మని బయటికి తీసింది. దాని చెంపలు, చేతులు, కాళ్ళు జిడ్డోడుతున్నాయి. చుట్టిన ప్లాస్టిక్ కవరు ఊడిరానని మొరాయించింది.

"ఏమైంది దీనికి?" అన్నాడు డేగకన్ను.

పాత బొమ్మలు సేకరించేవాళ్ళ సంఘంలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. అసలు బొమ్మేదో నకిలీ ఏదో పది అడుగుల దూరం నుంచే చెప్పేస్తాడని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించిందీ ఆయనే, పెంచి పెద్ద చేసిందీ ఆయనే.

"వినైల్ మెత్తగా ఉండాలని అందులో నూనెలాంటిది కలుపుతారు సార్. అది బయటికొచ్చేస్తోంది. గాలాడని బీరువా, పైగా ఈ కవరొకటి. అయినా ఇంతలా కారుతోందంటే సరుకు కూడా నాసిరకమే అయ్యుంటుంది."

"నాసిరకమా?" డేగకన్ను గొంతు తారస్థాయికి వెళ్ళింది. "అమ్మా, ఇది ఒరిజినల్! మొదటి విడతలో చేసిన బొమ్మ. ఈ కాలి బొటనవేలు చూడండి, చిన్న నొక్కు కనిపిస్తోందా? అచ్చులో పడ్డ లోపం. మొదటి విడతకి అదే గుర్తు. ఈ సంగతి లోకానికి చెప్పింది నేనే."

చెప్పిన మాట నిజమే. కొన్నప్పుడు ఆ నొక్కు ఆయన కంటికే ఆనలేదు. పెళ్ళైన రెండో ఏడు భూతద్దం పెట్టి చూస్తుంటే దొరికింది. దాని మీద సంఘం పత్రికలో ఆరు పేజీల వ్యాసం రాసి, ఆ వ్యాసం పుణ్యమా అని అధ్యక్షుడై కూర్చున్నాడు.

"పౌడరద్దితే రెండ్రోజులు ఆగుతుంది, మళ్ళీ మామూలే. విడిగా గాలి తగిలేచోట పెట్టుకోండి సార్" అని ఆవిడ సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం సంఘం ప్రదర్శన. అదే రోజు అధ్యక్షుడి ఎన్నిక. బొమ్మనే కాపాడుకోలేనివాడు సంఘాన్నేం కాపాడతాడని కార్యదర్శి ఒక్కమాటంటే చాలు, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్చీ పోయినట్టే.

అప్పుడు గుర్తొచ్చింది, వంటింటి కిటికీలో ఉన్న బొమ్మ.

అదీ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. ఆయన భార్యకి చిన్నప్పుడు వాళ్ళ నాన్న రోడ్డు పక్కన కొనిచ్చిన నకిలీ. ముప్ఫై ఏళ్ళ కిందట కాపురానికొస్తూ తెచ్చుకుని, మురిపెంగా ఆయన బొమ్మ పక్కన పెట్టబోయింది.

"దాని పక్కన దీన్నా? కళ్ళున్నాయా నీకు?" అని ఆరోజు ఆయన గయ్యిమన్నాడు.

"రెంటికీ తేడా ఏముందండీ?"

"చూసే కన్నుండాలి. నీదాన్ని వంటింట్లో పెట్టుకో. పనిలో పనిగా ఈ బీరువా దులిపి, బొమ్మల గౌన్లన్నీ ఉతికెయ్."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ పూటంతా కూర్చుని తాపీగా దులిపింది, ఉతికింది, ఆరేసి మళ్ళీ తొడిగింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

శనివారం సాయంత్రం భార్య బజారుకెళ్ళడం ఆలస్యం, డేగకన్ను వంటింట్లోకి దూరాడు. ఎండ పడని కిటికీ, ఎప్పుడూ వీచే గాలి. ఆ బొమ్మ నిన్నకాక మొన్న చేసినట్టుంది. గౌన్లు మార్చాడు. జిడ్డుదాన్ని కిటికీలో కూర్చోబెట్టాడు. అంతా బాగానే ఉంది గానీ, ఈ బొమ్మకి బొటనవేలు నున్నగా ఉంది.

స్క్రూడ్రైవరు మొన వేడి చేసి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. నొక్కు అచ్చుగుద్దినట్టు వచ్చింది. నకిలీకి అసలు గుర్తు పెట్టినందుకు మనసు చివుక్కుమన్నా, కుర్చీ తలచుకుని సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం కార్యదర్శి భూతద్దంతో బొటనవేలిని రెండు నిమిషాలు పరీక్షించాడు.

"ఒరిజినల్ ఒరిజినలే ప్రెసిడెంటు గారూ! ఏటికేడు నిగనిగలాడిపోతోంది" అన్నాడు కార్యదర్శి చివరికి, గత్యంతరం లేక.

చప్పట్లు మోగాయి. ఎన్నిక ఏకగ్రీవమైంది. ఇంటికొచ్చే దారంతా డేగకన్ను లోలోపల పడీపడీ నవ్వుకున్నాడు. గుడ్డి గుంపు! రోడ్డు పక్క బొమ్మ చుట్టూ ప్రదక్షిణం చేశారు. ఒక్కడికైనా చూసే కన్నుందా?

ఇంట్లో భార్య జిడ్డు బొమ్మని ఒళ్ళో పెట్టుకుని పౌడరద్దుతోంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆయనకి కాస్త బెరుకు పుట్టింది.

"అరెరె, నీ బొమ్మ పాడైపోయిందే! వంటింటి సెగకి అయ్యుంటుంది" అన్నాడు.

"అవునాండీ?"

"నకిలీ సరుకు కదా, ఇన్నాళ్ళుండటమే గొప్ప. పారేసెయ్. ఇంకోటి కొనిస్తాలే."

"అమ్మో, ఎంతకాలానికి నా ఒళ్ళోకొచ్చిందో, పారేస్తానా?" అంటూ ఆవిడ బొమ్మ కాలు ఎత్తి, బొటనవేలు ఆయనకి చూపించింది.

"ఈ నొక్కు నా పాలపంటిదండీ."