నూనె పట్టని మేత

"ఐదు రోజుల నుంచి నూనె పట్టించకుండానే మేత వేస్తున్నావా దుర్గా?"

గణేష్‌బాబు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి అడిగాడు. నరసాపురం అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఆ చేపపిల్లల హేచరీని ఇప్పుడు నడుపుతున్నది అతనే. పక్కనే మూడో తొట్టెలో, ఐదు రోజులుగా డీలాపడుతున్న బియ్యపు గింజంత పండుగప్ప పిల్లలు ఒరిగిపోయి అడుక్కి జారిపోతున్నాయి.

వీరదుర్గ తొట్టె దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

"వచ్చి చూడు. ఒక్క ఆర్టీమియా పొట్టలోనూ నూనె చుక్క లేదు."

ఆర్టీమియా అంటే కంటికి ఆనీ ఆనని ఉప్పునీటి పురుగు. చేపపిల్ల దాన్ని బతికుండగానే మింగుతుంది. కానీ ఆ పురుగులో సొంత సత్తువ చాలదు. తొట్టెలో వేసేముందు దానికి చేపనూనె పట్టించాలి. లేకపోతే పిల్లలు కడుపునిండా తింటూనే నీరసించి చచ్చిపోతాయి. ఎనిమిదేళ్ళుగా ఆ పని వీరదుర్గదే.

ఆమె వంగి చూసింది. పురుగుల పొట్టలు అద్దంలా ఖాళీగా ఉన్నాయి. తల ఎత్తి, నూనె సీసా ఉండే అలమార వైపు చూసింది.

"మర్చిపోయానండి" అంది.

"ఒకరోజు మర్చిపోతారు. ఐదు రోజులా?"

"తప్పు నాదేనండి. ఇంకేం అడక్కండి."

"సాయంత్రం ఆఫీసు రూముకి రా" అని అతను విసురుగా వెళ్ళిపోయాడు.

పని పోయినట్టేనని ఆమెకి అర్థమైంది. అయినా కదల్లేదు. డ్రమ్ము కడిగింది. పొద్దున్నే పొదిగిన ఆర్టీమియా అందులో పోసి, నూనె కొలిచి, నీళ్ళు పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి కలిపింది. ఆరు గంటలు ఆగాలి.

గణేష్‌బాబు తండ్రి బుల్లబ్బాయిగారు నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డారు. ఆ హేచరీ పెట్టింది ఆయనే.

"మావాడు అరిచాడంటగా? పోనీలే అమ్మా, పొరపాటు ఎవరికైనా వస్తుంది. ఇకమీదట కాస్త చూసుకుని చెయ్యి."

"ఆయ్, అలాగేనండి."

మధ్యాహ్నం దాటాక తొట్టెలో మేత వేసింది. చాలాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత ఓ పిల్ల ఒళ్ళు విల్లులా వంచి ఒక్క ఉరుకున పురుగుని పట్టింది. దాని పక్కన ఇంకోటి. పొద్దు వాలేసరికి సగం పోయాయి, సగం మేత పట్టాయి.

చేతులు తుడుచుకుని ఆఫీసు రూముకి వెళ్ళింది. గణేష్‌బాబు కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు. షెడ్డులోని కెమెరా తీసిన వీడియో. ఐదు సాయంత్రాలూ ఒకటే తంతు. బుల్లబ్బాయిగారు 'నేను చూసుకుంటాలే' అన్నట్టు చెయ్యి ఊపి దుర్గని ఇంటికి పంపేస్తారు. అలమార తడుముకుంటారు. నూనె సీసా పక్కనున్న మంచినీళ్ళ సీసా తీసి, చివరి చుక్కదాకా జాగ్రత్తగా డ్రమ్ములో వంచుతారు.

"ఎందుకు నీ మీద వేసుకున్నావ్?"

"నాకు ఈ పని నేర్పింది ఆయనేనండి. చూపు తగ్గిందనుకున్నాను గానీ, ఇంతలా పోయిందని నాకూ ఇవాళే తెలిసింది. మీకు తెలిస్తే ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టేస్తారు. తొట్టెల దగ్గరకి రాకపోతే ఆయన బతకరండి."

గణేష్‌బాబు కంప్యూటర్ కట్టేశాడు. 

"బతకరు. అందుకే రేపట్నుంచి నాలుగో తొట్టె నాన్నగారిది. నూనె ఆయనే కలుపుతారు, మేత ఆయనే వేస్తారు. పిల్లలు ఎలా తింటున్నాయో నువ్వు పక్కనుండి చెబుతూ ఉండు."

వీరదుర్గ కంగారుపడింది. "మళ్ళీ నీళ్ళు పోసేస్తే పిల్లలు చచ్చిపోతాయండీ!"

"చావవు దుర్గా. ఆ తొట్టెలో పిల్లలు ఉండవు."