గాజుపువ్వులు

"ఏడో నంబరు."

ఎవరూ లేవలేదు. ప్రతి సోమవారం ఇదే తంతు.

"మళ్ళీ ఆయనే సార్," అంది టోకెన్లిచ్చే అమ్మాయి. "టోకెన్ తీసుకుంటాడు, తొట్టి పక్కన కూర్చుంటాడు, పిలిచేసరికి మాయం. పన్ను నొప్పి లేనివాడికి పళ్ళ డాక్టరుతో ఏం పని?"

డాక్టరు తొట్టివైపు చూశాడు. అది భార్య చూసుకున్న ఉప్పునీటి గాజుతొట్టి. అందులో బతికే అరచేతంత ఊదారంగు పగడమంటే ఆమెకి ప్రాణం. ఆసుపత్రిలో ఆమె ఒంటరిగా కన్నుమూసిన మధ్యాహ్నం అతను ఇక్కడే, ఎవరిదో పన్ను పీకుతున్నాడు. రెండేళ్ళుగా ఆ పగడాన్ని చూసుకునే బతుకుతున్నాడు.

అమ్మాయి గొంతు తగ్గించింది. "ఇంకోటి చెప్తే నవ్వుతారు. ఆయన దగ్గరికెళ్తే తొట్టిలో రాళ్ళమీది పువ్వులు భయపడతాయి సార్."

మరుసటి సోమవారం డాక్టరు కాపు కాశాడు.

బక్కపలచటి మనిషి తొట్టిమీదికి వంగాడు. రాళ్ళమీద గాజులా మెరుస్తూ ఊగుతున్న నాలుగైదు గోధుమరంగు పువ్వులు ఒక్కసారిగా ముడుచుకుని కన్నాల్లోకి జారిపోయాయి.

డాక్టరు దగ్గరికి నడిచాడు. ఆ మనిషి చేతిలో సిరంజి ఉంది.

"ఏం పోస్తున్నావయ్యా నీళ్ళలో?"

"సున్నపు తేట సార్. వీటి నోట్లోకి."

"వాటి జోలికి నువ్వెందుకు? నడు బయటికి."

ఆ మనిషి బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"వాటిని గీకొద్దు సార్. ఏం చేసినా గీకొద్దు."

"గీకడమే నా బతుకుతెరువు. వెళ్ళు."

నెలలో గాజుపువ్వులు విరగబూశాయి. చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. తెరిపించే పని డాక్టరుకి తప్పింది.

రెండో నెలలో, ఆ పువ్వులు తాకిన వైపునుంచి పగడం తెల్లబడసాగింది. అవి పువ్వులు కావు, పగడాన్ని కుట్టి చంపే ప్రాణులని అప్పుడు తెలిసింది.

ఆదివారమంతా కూర్చుని, పళ్ళ గార గీకే కొక్కెంతో ఒక్కటి మిగలకుండా గీకేశాడు. ముక్కలు నీళ్ళలో తేలి, మెల్లగా అడుక్కి దిగాయి.

పదిరోజుల్లో ప్రతి ముక్కా మొలిచింది. రాయిమీద, గాజుమీద, పగడం ఎముకమీద. వందల నోళ్ళు అతనివైపే తిరిగి ఊగుతున్నాయి. దగ్గరికెళితే ఒక్కటీ ముడుచుకోలేదు.

"ఆ ఏడో నంబరు మనిషి ఎక్కడుంటాడు?"

"పేరు కూడా రాయలేదు సార్. వెళ్ళగొట్టిన రోజు ఈ సంచి వదిలేసి పోయాడు."

సంచిలో చిన్న సీసా, సిరంజిలు, నాలుగు మడతల ఆసుపత్రి కాగితం. దాని వెనక వణికిన అక్షరాలు, భార్యవి.

"నర్సు బాబూ, గాజుపువ్వులకి సున్నపు తేట సూదితోనే, సరిగ్గా నోట్లోకి. సోమవారం సోమవారం. మా ఆయనకి చెప్పకు, గీకేస్తారు."

డాక్టరు కాగితం తిప్పాడు, అది నాడి లెక్కల పట్టిక: ఆమె ఒంటరిగా పోయిందనుకున్న ఆ మధ్యాహ్నం, ఐదేసి నిమిషాలకోసారి ఆమె నాడి చూసి, ఆఖరి గడిదాకా రాస్తూ కూర్చున్న చెయ్యి ఒక్కటే.