బాద్‌షా కాలి పుండు

"ఇంకా మానలేదంటే అసలేం సదివిన్రు మేడం మీరు? గొడ్లకు సూది గుచ్చుడు తప్ప ఇంకేమన్న వస్తదా?" పశువుల దవాఖానలో బల్ల గుద్ది మరీ అరిచాడు సురేందర్. మిర్యాలగూడ రైసు మిల్లులో సూపర్‌వైజరు. మిషన్ల మోతలో హమాలీలకు వినబడాలని పెంచిన గొంతు, ఇంటికొచ్చినా సరే, గుడికెళ్లినా సరే, తగ్గే రకం కాదు.

బల్ల మీద అతని కుక్క బాద్‌షా ముడుచుకుని కూర్చుని ముందుకాలి పుండును నాకుతూనే ఉంది. ఇంజెక్షన్లయ్యాయి, ఆయింట్‌మెంట్లయ్యాయి, ఎవరో చెబితే వేపాకూ పసుపూ నూరి కట్టడమూ అయింది. పక్కు కట్టడం, అది మళ్లీ నాకి ఊడగొట్టడం. పుండు ఇంకా లోపలికి దిగితే కాలే తీసేయాల్సి వస్తుందని పోయినసారే చెప్పింది డాక్టర్ అఖిల.

"మందులతోటి మానే పుండు కాదండీ ఇది. కుక్కకు మనాది పట్టింది. భయమున్నా, దిగులున్నా గిట్లనే నాకి నాకి పుండు చేసుకుంటయి. ఇంట్ల ఎవరన్నా బాగా అరుస్తరా?"

సురేందర్ పకపకా నవ్వి, పక్కనే కుక్క వీపు నిమురుతున్న భార్య వైపు తిరిగాడు. "ఇన్నవానే సరోజనా? కుక్కకు మనాదంట! రేపు బీపీ, షుగరు గూడ అంటది. బొక్కలు నమిలి పండే దానికి మనాది ఏందే?"

"కొన్నిరోజులు అరుపుల్లేని చోట ఉంచి సూడండి. లేకుంటే కాలు దక్కదు," అంది డాక్టరు విసుగు దాచుకుంటూ.

"థూ, ఇదొక వైద్యం!" అంటూ బయటికొచ్చాడు. అయినా మూడు కాళ్ల కుక్కను గేటు ముందు కట్టేసుకుంటే వాడకట్టులో పరువేం కావాలి? అంతా నవ్వరూ! "నువ్వూ దాని ఎంబడి పో. పెన్‌పహాడ్‌ల మీ తమ్ముని ఇంట్ల పడి ఉండుండ్రి ఇద్దరు. నువ్వు గీడ ఉండి ఎలగబెట్టేది గూడ ఏం లేదు," అని ఇద్దరినీ ఆటో ఎక్కించాడు.

మొదట్లో మహారాజులా ఉన్నాననుకున్నాడు. తర్వాత హోటల్ సాంబారు కడుపులో తిరగబడింది. విప్పిన బట్టలు విప్పినచోటే కుప్ప పడ్డాయి. తిడదామంటే ఇంట్లో ఎదురుగా మనిషి లేదు. చిర్రెత్తుకొచ్చి ఫోన్ చేశాడు.

"పుండు ఎట్లున్నదే?"

"మానింది. బొచ్చు గూడ వస్తున్నది. నాకుడు బంద్ వెట్టింది."

"అదేం డాక్టరమ్మ గొప్ప గాదు. నేను ఇప్పిచ్చిన మందులు ఇప్పుడు పనిజేసినయ్. రేపు పొద్దుగాల్నే ఆటో ఎక్కు."

"వస్తే మళ్ల పుండయితది."

"సరే, కుక్కను గాడనే ఉండనీ. నువ్వొక్కదానివే రా. నాకు తిండికి పరేషానయితున్నది."

"వస్తే అయితదంటున్న గదా."

"తెలివి తక్కువ దానా! కుక్క గాడనే ఉంటే, ఇగ గీడ పుండు ఎవలకయితదే?"

"నాకు," అని ఫోన్ పెట్టేసింది సరోజన.