ఏడుపు డ్యూటీ

"మొహం నిండా రంగు పూసుకుని ఎక్కడికమ్మా?" మేకప్ గది గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు దర్శకుడు.

"ఆసుపత్రికి సార్. సర్వీసు ఉంది. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

"తెర లేచే రోజు కూడానా!"

ఆ అమ్మాయి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. జుట్టుకి తెల్లరంగు, నుదుటి మీద పెన్సిల్ ముడతలు, బుగ్గల మీద ఎర్రటి గుండ్రాలు. నాటకంలో ఆమెది అందరినీ నవ్వించే ముసలమ్మ వేషం. రెండేళ్లు గుంపులో నిలబడి, కుర్చీలు మోసి, చివరికి సంపాదించుకున్న వేషం.

"వేళకి నువ్వు లేకపోతే ఆ ముసలమ్మ చీర ఇంకొకరు కట్టుకుంటారు. తర్వాత నన్ను అనొద్దు," అన్నాడు దర్శకుడు. ఆ ఇంకొకరు మూల కూర్చుని అప్పటికే మాటలు వల్లె వేస్తోంది.

కాలేజీ ఈమెకి ఉచితంగా చదువు చెబుతోంది. ఉచితమంటే మరీ ఉచితమేం కాదు. బదులుగా వారంలో కొన్ని సాయంత్రాలు ఎక్కడో ఒకచోట సేవ చెయ్యాలి. డుమ్మా కొడితే స్కాలర్‌షిప్ పోతుంది, దానితోపాటు చదువూ పోతుంది. మిగతావాళ్లకి లైబ్రరీలో పుస్తకాలు సర్దడమో, మొక్కలకి నీళ్లు పొయ్యడమో వచ్చింది. నాటకాల పిల్ల కదా అని ఈమెకి మాత్రం ఆసుపత్రిలో ఏడ్చే పని ఇచ్చారు.

చావు కబురు చల్లగా చెప్పకూడదు కదా. మరెలా చెప్పాలో కుర్ర డాక్టర్లకి నేర్పే క్లాసు అది. ఏ గది ఖాళీగా ఉంటే ఆ గదిలో రెండు కుర్చీలు వేస్తారు. ఈమె ఒకరోజు ఎవరికో చెల్లెలు, ఇంకోరోజు ఎవరికో భార్య. కుర్ర డాక్టరు వచ్చి, గొంతు సవరించుకుని, లేని మనిషి పోయాడని చెబుతాడు. ఈమె ఏడవాలి. ఏడుపయ్యాక కళ్లు తుడుచుకుని, అతను ఎక్కడ తప్పాడో చెప్పాలి. శిక్షణ మేడమ్ పక్కగదిలోంచి చూసి మార్కులేస్తుంది. స్నేహితురాళ్లు దీనికి 'ఏడుపు డ్యూటీ' అని పేరు పెట్టి పగలబడి నవ్వుతారు.

ఈ ఒక్కరోజుకీ వదిలెయ్యమని మేడమ్‌ని కాళ్లావేళ్లా పడి బతిమాలింది. "నాటకం సరదా, సేవ బాధ్యత," అందావిడ. దర్శకుడిని బతిమాలింది. "సేవ ఎవరైనా చేస్తారు, నటన అందరికీ రాదు," అన్నాడాయన. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

పొద్దున నాన్న దగ్గర చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. ఆయన వడ్రంగి. చెక్క వంకర పోతే సరిచేస్తాడు గానీ ఇలాంటి వంకర్లు ఆయన వల్ల కావు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నేనేం చెప్పనే? ముందు వరుసలో కూర్చుని అందరికంటే ముందు నవ్వుతా. నా చేతిలో ఉన్నది అదొక్కటే."

"మరీ ముందు నవ్వకు నాన్నా. జోకు అయ్యాక నవ్వు."

బస్సులో ఉండగా ఫోన్ మోగింది.

"ఆసుపత్రి నుంచండీ. మీరు వెంటనే..."

"వస్తున్నానండీ బాబూ, దారిలోనే ఉన్నా!" అని పెట్టేసింది. కాస్త ఆలస్యమైతే చాలు, మేడమ్ ఎవరో ఒకరిచేత ఇలా ఫోన్ చేయిస్తూనే ఉంటుంది. బస్సులో జనం ఆమె మొహం చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. ఆమెకి ఏడుపొచ్చింది గానీ దాచుకుంది. అక్కడ అవసరం పడుతుంది.

ఆసుపత్రి మెట్ల దగ్గరే ఒక నర్సు ఎదురొచ్చింది. "ఇందాక ఫోన్ చేసింది మీకేనా?"

"నాకే, నాకే. ఎక్కడ?"

నర్సు ఆమెని వింతగా చూసి, వరండా చివరి గదిలో కూర్చోబెట్టి వెళ్లిపోయింది. రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ల సీసా. ఇవాళ ఎవరి చుట్టమో కూడా ఎవరూ చెప్పలేదు. గోడ గడియారం చూస్తే ప్రాణం ఉసూరుమంది.

కుర్ర డాక్టరు వచ్చాడు. ఎప్పుడూ చూసిన మొహం కాదు. ఆమె తెల్లజుట్టు చూశాడు, ఎర్రబుగ్గలు చూశాడు, తన బూట్ల వంక చూసుకున్నాడు. కొత్త బ్యాచ్, పాపం, అనుకుంది.

"మీ నాన్నగారికి..." అన్నాడు తలుపు దగ్గరే నిలబడి. "రోడ్డు మీద గుండెనొప్పి వచ్చింది. ఎవరో తీసుకొచ్చారు. మేం చెయ్యగలిగిందంతా చేశాం. కానీ అప్పటికే..."

ఓహో, ఇవాళ కూతురన్నమాట. ఆమె చేతుల్లో మొహం దాచుకుని "నాన్నా!" అంది. భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చింది. తొందరలో ఏడ్చినా బాగానే ఏడ్చింది. ఇన్నాళ్లూ మేడమ్‌కీ దర్శకుడికీ మధ్య నలిగిన దుఃఖమంతా ఆ వంకన బయటికొచ్చింది. తర్వాత రంగు చెదరకుండా రుమాలుతో కళ్లు అద్దుకుని, గబుక్కున లేచింది.

"డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి, నాకు నాటకం ఉంది, త్వరగా చెప్పేస్తాను. తలుపు దగ్గర నిలబడి చెప్పకూడదు, పక్కన కూర్చోవాలి. 'అప్పటికే' అని సగంలో వదిలెయ్యకూడదు, వినేవాళ్లు ఇంకా ఆశ పెట్టుకుంటారు. ఆ మాటేదో తిన్నగా అనెయ్యాలి. కానీ మీ గొంతు బాగుంది. నిజంగా బాధపడుతున్నట్టే ఉంది."

డాక్టరు నోరు తెరిచాడు. ఆమె అతనికి పక్క కుర్చీ చూపించింది.

"కానివ్వండి, ఇంకొక్కసారి. మేడమ్‌కి నేను చెబుతాలెండి, మంచి మార్కులు వెయ్యమని."

అతను ఆమె చెప్పినట్టే వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, "ఆ క్లాసు పై అంతస్తులో జరుగుతోందమ్మా, నేను ఎమర్జెన్సీ డాక్టర్ని, మీ నాన్నగారు చనిపోయారు," అన్నాడు.