మూడో చప్పుడు

కొత్త స్పీడ్ బ్రేకర్‌కు తెల్లచారలు ఇంకా వేయలేదు. చీకట్లో కనబడక బండ్లు ఎగిరిపడతాయని మేస్త్రి ఎర్రలైటు పట్టుకుని పక్కనే కాపలా కూర్చున్నాడు. అక్కడ రోడ్డు దాటుతూ ఒక పెద్దాయన బండి గుద్ది చనిపోయాక గానీ దీనికి మంజూరు రాలేదు.

కారొచ్చింది. ముందు చక్రాలు దడ్‌మన్నాయి. వెనక చక్రాలు దడ్‌మన్నాయి. కారు మలుపు తిరిగిపోయాక, ఖాళీ రోడ్డు మీద మరోసారి దడ్‌మంది.

మేస్త్రి చెవులు రిక్కించాడు. తర్వాత వచ్చిన లారీకీ అంతే.

ఇంతలో కాపలా మార్చుకోవడానికి, తనతో కలిసి ఆ పని చేసిన బామ్మర్ది వచ్చాడు. మేస్త్రి అతన్ని నిలదీశాడు.

“నిజం చెప్పరా. కింద డొల్ల వదిలేశావా? బరువుకి కుంగి మళ్లీ లేస్తోంది.”

“నీ అనుమానం పాడుగాను! నువ్వే కదా బావా, దగ్గరుండి దిమ్మిస కొట్టించావు. నిద్రలేక చెవులు గింగురుమంటున్నాయి నీకు. ఇంటికెళ్లి పడుకో.”

మేస్త్రి నమ్మలేదు. టార్చి వేసి, మడమతో తన్ని చూశాడు. బండరాయిలా ఉంది. చివరికి తన సైకిల్‌ను నడిపించి దాటించాడు. ముందు చక్రం, వెనక చక్రం. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఇంకే చప్పుడూ రాలేదు.

“చూశావా?” అని నవ్వాడు బామ్మర్ది.

మేస్త్రి సిగ్గుపడి ఇంటిదారి పట్టాడు.

ఇంటికి చేరాక, రోజూలాగే సైకిల్‌ను లోపల పెట్టడానికి గడప దాటించాడు. ముందు చక్రం దడ్‌మంది. వెనక చక్రం దడ్‌మంది.

“తలుపేసి పడుకోండి,” అంది భార్య నిద్రమత్తులో.

మేస్త్రి గడియ మీద చెయ్యి వేశాడో లేదో, ఎవరూ దాటని గడప మూడోసారి దడ్‌మంది.