డెబోరా పంపిన నోటీసు

వేణుమాధవ్ సారు నోటీసు చదివి, కళ్లజోడు తీసి, సున్నా పెట్టారు. ఇరుగుపొరుగుతో ఉన్న నిజమైన తగాదా మీద లాయరు నోటీసు రాసి, పంపి, నకలు తెమ్మని లా మొదటి ఏడాది పిల్లలకు చెప్పింది ఆయనే. ఈ సున్నాతో డెబోరా ఆ సబ్జెక్టు తప్పినట్టే.

"గిదేంది బిడ్డా?" అంటూ పైకి చదివారు. "'మీ కోడి పగలు కూస్తున్నందున రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మా తండ్రిగారికి నిద్ర లేదు. కావున తమరు దయతో కోడికి పగటిపూట సెలవు మంజూరు చేయగలరని ప్రార్థన.'"

క్లాసు గొల్లుమంది.

వాడకట్టులో బొగ్గుబాయి పనికి పోయేవాళ్లందరికీ ఐదో తరగతి నుంచి సెలవు చీటీలు రాసిపెట్టింది డెబోరాయే. ఆమెకు వేరే రాత రాదు.

"నోటీసు సూస్తే అవతలోడు వణకాలె. గిట్ల మొక్కుతరా?"

"వణకలే సార్, నవ్విండు. కోడిని శ్రీరాంపూర్ల బిడ్డ ఇంటికి పంపిండు. మా బాపు నిన్న రెండింటి దాక పండుకున్నడు."

గంట కొట్టాక సారు, పిల్లలంతా వెళ్లేదాకా ఆగి, ఒక తెల్లకాగితం తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"మా పక్కింటాయన హార్మోనియం మీద ఒకటి రాయి. ఆరు నోటీసులిచ్చిన. నోటీసుకో కొత్త పాట నేర్సుకున్నడు."

"మరి నా మార్కులు సార్?"

"ముందు ఆయనను పెట్టె మూయనియ్యి."