సుడి ఎటు తిరిగింది

జీపు వాకిట్లో ఆగి ఉంది. నాగేశ్ బ్యాగు సర్దుకుని తయారుగా కూర్చున్నాడు. వాళ్లక్క శైలజ మాత్రం గడపకు అడ్డంగా నిలబడింది.

"మా ఆయన ఆ దేశంల ఉన్నది నిజమని తేలితేనే నా తమ్ముణ్ని పంపుత. లేకుంటే జీపు ఉత్తగనే పోతది."

ఏజెంటు రాఘవేందర్ నవ్వాడు. ఆ నవ్వంటే శైలజకు మొదటి నుంచీ ఒళ్లుమంట. ఆఫ్రికాలో కింది దిక్కునున్న జాంబియాకు బోరుబండి పనికి మనుషుల్ని పంపుతాడట. పైసా తీసుకోడట. ఈ కాలంలో పైసా అడగని ఏజెంటును మీరెక్కడైనా చూశారా?

బిజినేపల్లి పక్కనున్న ఆ పల్లె నుంచి ఇప్పటికి ముగ్గురు పోయారు. ఇద్దరి మాటే లేదు. అడిగితే "అడవిల పని, సిగ్నల్ రాదు" అంటాడు. శైలజ మొగుడు భాస్కర్ ఒక్కడే మాట్లాడతాడు. అదీ రాఘవేందర్ ఫోన్లోనే, అతను కలిపినప్పుడే. రెండు ముక్కలు మాట్లాడేసరికి కట్. వెనకాల ఎప్పుడూ అదే తెల్లగోడ.

"దుబాయి పోయినోళ్లు దినాం మాట్లాడుతలేరా? గాయనకే ఏమొచ్చింది?" అంది శైలజ.

అప్పుడు కూతురు వర్ష ఎగిరి గంతేసింది. ఏడో తరగతి. ఫోన్లో చూడని వింత లేదు.

"అమ్మా, భూమికి కింది దిక్కున నీళ్లు ఉల్టా తిరుగుతయంట! భూమి తిరుగుడుకు గట్లయితదంట. నాయిన్ని సింకుల నీళ్లు ఇడిచి జూపియ్యమందాం. తెలిసిపోతది గద!"

"శభాష్ బిడ్డా! గిదేదో మంచిగుంది" అన్నాడు రాఘవేందర్.

ముందు ఇక్కడ ఎటు తిరుగుతాయో చూడాలి కదా. వాకిట్లో గోలెం నిండా నీళ్లు పోశారు. వర్ష దాని అడుగు చిల్లికి కుక్కిన గుడ్డ పీకింది. నీళ్లు ఎడమకు సుడి తిరిగి దిగిపోయాయి. నమ్మకం కోసం మళ్లీ పోశారు. ఈసారి కుడికి తిరిగాయి.

"ఏందే ఇది? భూమి గడియకో తీరు తిరుగుతదా?" అంది శైలజ.

"నువ్వు బకీటు అటు దిక్కు నుంచి పోసినవక్కా, అందుకే. ఇంకోసారి జూద్దాం" అన్నాడు నాగేశ్. వాడి మనసు అప్పటికే విమానంలో ఉంది.

మళ్లీ పోశారు. ఎడమకు. "జూసినవా? మన దిక్కు ఎడమకే!" అని నాగేశ్ చప్పట్లు కొట్టాడు. నచ్చిన జవాబు వచ్చాక ఇంకెవరు పోస్తారు?

రాఘవేందర్ వీడియో కాల్ కలిపాడు. తల్లి ఫోన్ తీసుకుని వర్ష అదంతా వీడియో తీయడం మొదలుపెట్టింది.

"భాస్కరూ! ఈడ నీళ్లు ఎడమకు తిరిగినయి. ఆడ కుడికి తిరగాలె. జర మంచిగ జూపియ్యి" అన్నాడు రాఘవేందర్.

ముందే ఎందుకు చెప్తున్నవని అడగబోయింది శైలజ. తెర మీద మొగుడి మొహం చూడగానే ఆ మాట మరిచిపోయింది. మనిషి సగమయ్యాడు. కళ్లు ఫోన్‌లోకి చూడట్లేదు. ఆ ఫోన్ ఎవరు పట్టుకున్నారో, వాళ్ల వైపు చూస్తున్నాయి. శైలజ ఫోన్‌కు దగ్గరగా జరిగింది.

"తిన్నవా?"

"తిన్న."

"పాణం మంచిగుందా?"

"ఉంది." భాస్కర్ మళ్లీ అటు పక్కకు చూశాడు. "నాగేశ్ గూడ... వస్తుండా?"

"ఇగో, ఇయ్యాలనే" అన్నాడు రాఘవేందర్.

తర్వాత సింకు కనబడింది. నిండా నీళ్లు. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడి మెరుస్తున్నాయి. భాస్కర్ చెయ్యి నీళ్లలోకి పోయింది. కాసేపు అక్కడే ఉంది. బిరడా ఊడింది.

నీళ్లు కుడికి తిరిగాయి.

"ఉల్టా! మామా, ఉల్టా తిరిగినయ్!" వర్ష అరిచింది. నాగేశ్ ఈల వేశాడు. వాకిట్లో చేరిన వాళ్లంతా ఒక్కసారి గోల చేశారు. శైలజ కొంగుతో కళ్లొత్తుకుంది. మొగుడు అంత దూరాన ఉన్నాడని తెలిసి ఇంత సంతోషించిన ఆడది ఆ ఊళ్లో ఇంకొకరు ఉండరు.

ఆమె గడప వదిలింది. జొన్నరొట్టెలు, మామిడి తొక్కు మూటగట్టి తమ్ముడి చేతిలో పెట్టింది. "బావకియ్యి. బాగ చిక్కిండు. నువ్వు పక్కనుంటే నాకు రంది ఉండదు."

"ఈ సిమ్ము ఆడ పనిజెయ్యదు తమ్మీ" అంటూ రాఘవేందర్ నాగేశ్ ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

జీపు మలుపు తిరిగింది. దుమ్ము సద్దుమణిగేదాకా శైలజ చెయ్యి ఊపుతూనే ఉంది.

ఇంట్లోకొచ్చాక వర్ష తీసిన వీడియో పెట్టుకుంది. మొగుణ్ని మళ్లీ చూసుకోవాలి, అంతే. గోల అయిపోయి అందరూ బ్యాగు దగ్గరికి పోయాక కూడా, ఇంకా కట్ కాని ఆ కాల్‌ను పిల్ల తీస్తూనే ఉంది. ఆ కడపటి ముక్క ఎవరూ చూడలేదు. ఖాళీ అయిన సింకు, దాని అంచు పట్టుకున్న భాస్కర్ చెయ్యి. ఏమైనా అన్నాడేమోనని శైలజ సౌండ్ మొత్తం పెంచి చెవికి ఆనించుకుంది.

ఆ కిటికీ బయట ఏదో బండి దగ్గరికొస్తున్న చప్పుడు, దాని మైకులోంచి ఒక ఆడగొంతు: "గద్వాల పట్టణ ప్రజలకు విజ్ఞప్తి, తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి మన చెత్త బండికే ఇవ్వండి."